చేతికి నచ్చిన కర్ర

నేను నాలుగో తరగతి వరకే చదివిన మనిషిని. రాతలో తప్పులుంటే సర్దుకుని చదవండి. ఈ నెల నేను రాసేది గోల్ఫ్ కర్ర గురించి. గిరణీలో సాంచాలు నడిపినోనికి గోల్ఫ్‌తో ఏం పని అని మా ఇంటామె కూడా నవ్వింది. పని ఉంది కాబట్టే రాస్తున్నాను.

1982 జనవరి 18న సమ్మె మొదలైనప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. డాక్టర్ దత్తా సామంత్ పిలుపు మీద అరవై అయిదు మిల్లుల దాకా ఆగిపోయాయి, రెండున్నర లక్షల మందిమి బయటికి వచ్చాం. రెండు నెలల్లో తెగుతుందనుకున్నాం. ఏడాది దాటింది. ఇంట్లో పుస్తెలు తప్ప బంగారం మిగల్లేదు. మనోళ్లు కొందరు ఊరికి పోయారు, కొందరు భివండీలో పవర్‌లూమ్‌ల మీదికి పోయారు. మా చాల్‌లో ఉండే ఒక మరాఠీ అన్న నన్ను చెంబూరు తీసుకుపోయాడు. అక్కడ గోల్ఫ్ మైదానంలో సాహెబుల సంచులు మోయడం పని. పొద్దున్నే కర్రీ రోడ్‌లో బండెక్కి, కుర్లాలో మారి, తెల్లవారకముందే వరుసలో కూర్చునేవాళ్లం. ఆ పని పేరు క్యాడీ.

సిరిసిల్ల దగ్గర మా ఊరికి ఉత్తరం రాయించి, క్యాడీ పని దొరికిందని చెప్పాను. మా అమ్మకు చదివి వినిపించినోడు 'కేడీ' అని చదివాడు. కొడుకు బొంబాయిలో రౌడీ అయిండని ఆమె రెండు రోజులు అన్నం తినలేదట.

ఆ ఆటలో సంచిలో పద్నాలుగు కర్రలకు మించి పెట్టుకోకూడదు. దూరం కొట్టేవి కొన్ని, గడ్డిలోంచి లేపేవి కొన్ని. చివర్న ఒకటుంటుంది, దాని పేరు పట్టర్. చాప లెక్క నున్నగా కత్తిరించిన గడ్డిని గ్రీన్ అంటారు. ఆ గ్రీన్ మీద బంతిని దొర్లించి గుంతలో వేయడానికి మాత్రమే ఈ కర్ర. గుంత వెడల్పు నాలుగుంపావు అంగుళాలు. పద్దెనిమిది గుంతలకు 72 దెబ్బలు లెక్క అనుకుంటే, గుంతకు రెండు చొప్పున 36 ఈ ఒక్క కర్రవే. అంటే ఆటలో సగం. అయినా మనుషులు దూరం కొట్టే కర్రకు బాగా పైసలు పెట్టి, పట్టర్‌ను పేరు చూసి కొంటారు.

నాకు ఈ సంగతి తొందరగా ఎక్కింది. ఎందుకంటే మిల్లులో నాకు నాడె తెలుసు. ఒకే కొలత, ఒకే బరువని స్టోర్‌లో ఇచ్చిన రెండు నాడెల్లో ఒకటి నా మూడో నంబరు సాంచాలో నీళ్ల లెక్క తిరిగేది, ఇంకోటి పేక తెంపేది, ఒక్కోసారి ఎగిరి బయట పడేది. అదే నాడెను పక్క సాంచాలో వేస్తే బుద్ధిగా తిరిగేది. నాడె చెడ్డది కాదు, సాంచా చెడ్డది కాదు. రెండింటికీ పొత్తు కుదరలేదు, అంతే. మా చాల్‌లో క్యారమ్ ఆడే పిల్లల్ని చూడండి. ఎవరి స్ట్రైకర్ వాళ్ల జేబులో ఉంటుంది.

1983లో నాకు ఒక సాహెబు రోజూ దొరికేవాడు. వారానికి నాలుగు రోజులు ఆయన సంచే మోసేవాణ్ణి. ఇంట్లో బియ్యం ఆ సంచి మీదనే వచ్చేవి. ఆయన విదేశం నుంచి కొత్త పట్టర్ తెప్పించుకున్నాడు. బంతి ప్రతిసారీ గుంతకు కుడివైపు జారిపోతోంది. నలుగురి ముందు నన్నే అడిగాడు, నువ్వు చెప్పు, తప్పెక్కడుందని. ఆ ఆటలో సలహా అడగాలంటే తన జట్టువాణ్ణో, తన క్యాడీనో అడగాలి. నేను నిజం చెప్పాను. సాబ్, ఈ కర్ర మీ చేతిది కాదు, మీ పాతదే మీది అన్నాను. మిగిలిన ముగ్గురు నవ్వారు. మరునాడు క్యాడీల పెద్ద నన్ను పక్కకు పిలిచి, ఆ సాహెబు వేరేవాణ్ణి అడిగాడని చెప్పాడు.

ఆ తర్వాత నేను నోరు కట్టేసుకున్నాను. ఎవరు ఏ కర్ర తెచ్చినా 'బఢియా హై సాబ్' అన్నాను. 1985లో వేరే మిల్లులో బద్లీ పని దొరికింది. అదీ మూతపడ్డాక మళ్ళీ చెంబూరే దిక్కయింది. మోకాళ్లు మొరాయించేదాకా మోశాను. అన్నేళ్లలో ఎన్ని పట్టర్లు చూశానో, ఎన్ని చేతులు చూశానో. నోరు మాత్రం తెరవలేదు.

పోయిన ఏడాది తెరవాల్సి వచ్చింది. సాహెబు ముందు కాదు, మా ఇంట్లోనే.

నా బిడ్డ కొడుకుకు పదిహేనేళ్లు. చిన్నప్పటి నుంచి నా వెంట వచ్చి, బంతులు ఏరి, పాత కర్రలతో ఆట నేర్చుకున్నాడు. ఇప్పుడు ఒక కోచ్ జీతం అడగకుండా నేర్పిస్తున్నాడు. ఎస్.ఎస్.పి. చౌరాసియా పేరు వాడి నోట్లో ఎప్పుడూ ఉంటుంది. కలకత్తాలో గ్రీన్‌ల గడ్డి చూసుకునే మనిషి కొడుకు ఆయన. 2016లో, 2017లో వరసగా రెండుసార్లు ఇండియన్ ఓపెన్ గెలిచాడు. ఆయన కాగా లేనిది నేను కానా అంటాడు మావాడు. కాకూడదని నేనెందుకంటాను?

వాడికి ఒక పట్టర్ మీద మనసు పోయింది. టీవీలో పెద్ద ఆటగాళ్లు పట్టుకునే రకం. వెనక పెద్ద దిమ్మ ఉంటుంది, దాన్ని మ్యాలెట్ అంటారు. ధర ముప్పై వేల పైన. మా అల్లుడు, ఒకప్పుడు మిల్లు ఉన్న జాగాలోనే కట్టిన మాల్‌లో సెక్యూరిటీ పని చేస్తాడు. చిట్టీ ఎత్తి కొనిస్తా అన్నాడు. అది మా బిడ్డ గ్యాస్ నొప్పని దాచిపెట్టుకున్న రాళ్ల ఆపరేషన్ కోసం కట్టుకుంటున్న చిట్టీ.

ముగ్గురం దుకాణానికి పోయాం. పిల్లవాడు ఆరడుగుల దూరం నుంచి పది బంతులు కొట్టాడు. నాలుగు పడ్డాయి. తప్పినవన్నీ కుడివైపే. నాకు 1983 సాహెబు కళ్ల ముందు నిలబడ్డాడు. బయటికి వచ్చాక చెప్పాను, ఇది నీ చేతిది కాదు బిడ్డా అని. వాడు ముఖం తిప్పుకున్నాడు.

"నువ్వు పైసలు చూస్తున్నవ్ తాతా, నా చెయ్యి చూస్తలేవు" అన్నాడు.

రాత్రి నిద్ర పట్టలేదు. వాడన్నది అబద్ధమని గట్టిగా అనలేకపోయాను. బిడ్డ ఆపరేషన్ నా మనసులో ఉంది. అది ఉన్నప్పుడు నా కన్ను వాడి చేతిని సరిగ్గా చూసిందని నేనెట్ల నమ్మాలి? అందుకే పొద్దున్నే లేచి, నా మాట వద్దు, పోగును అడుగుదాం రా అన్నాను.

ఇక్కడ కొంచెం వివరంగా రాస్తాను. మన పిల్లల్లో ఎవరైనా ఈ ఆట ఆడితే పనికొస్తుంది.

చాల్ వరండాలో సోలాపూర్ చద్దర్లు రెండు పరిచి, నూలు పోగు ఒకటి నిటారుగా లాగి, జానెడు ఎత్తులో రెండు కొసలా కట్టాను. బంతిని పోగు కింద పెట్టి కొట్టమన్నాను. కోచ్ దగ్గర అలాంటి మ్యాలెట్టే ఒకటుంటే వాడు రెండు రోజులకు అడిగి తెచ్చాడు. కొందరి కర్ర వెనక్కి పోయేటప్పుడు, ముందుకు వచ్చేటప్పుడు పోగు వెంటే తిన్నగా నడుస్తుంది. కొందరిది తలుపు తెరిచి మూసినట్టు లోపలికి తిరిగి, మళ్ళీ బయటికి వచ్చి, లోపలికి పోతుంది. మావాడిది తలుపు చేయి. ఇందులో ఒకటి గొప్ప, ఒకటి తక్కువ కాదు. ఎవరిది వాళ్లకు పుట్టుకతో వచ్చినట్టు ఉంటుంది.

తర్వాత కర్రను చూడాలి. తల దగ్గర కాడను ఒక్క వేలు మీద అడ్డంగా నిలబెట్టండి. కొన్నింటి ముఖం ఆకాశాన్ని చూస్తుంది. అవి తిన్నగా కొట్టే చేతికి కుదురుతాయి. కొన్నింటి కొన కిందికి వాలుతుంది. అవి తలుపు చేతికి కుదురుతాయి. ఆ మ్యాలెట్ ముఖం ఆకాశాన్ని చూసింది. తలుపు చేతిలో అలాంటిది పడితే ముఖం వేళకు మూసుకోదు, బంతి కుడికి పోతుంది. మ్యాలెట్లన్నీ ఇలాగే ఉండవు. కాడ తలకు ఎక్కడ, ఎలా అతికించారన్న దాన్ని బట్టి మారుతుంది. కాబట్టి పేరు చూడకండి, వేలు మీద పెట్టి చూడండి.

పొడుగు మూడోది. దుకాణాల్లో మామూలుగా 33 నుంచి 35 అంగుళాలవి ఉంటాయి. మనిషి ఎత్తును బట్టి కాదు, వంగి నిలబడే తీరును బట్టి చూడాలి. కొట్టడానికి నిలబడి, రెండు కళ్ల నడుమ నుంచి ఒక బంతిని జారవిడవండి. అది కింద ఉన్న బంతి మీద కానీ, కొంచెం మీ కాళ్ల వైపు కానీ పడాలి. చేతులు భుజాల నుంచి బరువుగా వేలాడాలి. మావాడు బాగా వంగుతాడు. 35 అంగుళాల కర్రతో మోచేతులు పక్కటెముకలకు తగులుతున్నాయి. ఇంకోటి, కర్ర అడుగు నేల మీద చదునుగా కూర్చోవాలి. కుడిచేతి వాటం వాడికి కర్ర కొన పైకి లేచి ఉంటే బంతి ఎడమకు పోతుంది.

ఇవన్నీ కంటికి కనిపించే లెక్కలు. అసలు లెక్క వేరే ఉంది. పిల్లవాడి కళ్లకు మా ఇంటామె దస్తీ కట్టాను. కొట్టు, కొట్టినాక బంతి ఎటు పోయిందో, ఎంత దూరం పోయిందో చూడకుండా నువ్వే చెప్పు అన్నాను. మ్యాలెట్‌తో పది కొట్టాడు. మూడే సరిగ్గా చెప్పాడు. తర్వాత నేను క్యాడీల షెడ్డు నుంచి తెచ్చిన పాత పట్టర్ ఇచ్చాను. సన్నటి పలక తల, మడమ దగ్గర, కొన దగ్గర బరువు పెట్టిన రకం. 1966లో అమెరికాలో కార్‌స్టెన్ సోల్‌హీమ్ అనే ఇంజనీరు పింగ్ యాన్సర్ అని ఒకటి చేశాడు. ఈనాటికీ ఎన్నో కంపెనీలు ఆ పోలికలోనే చేస్తాయి. ఇదీ ఆ పోలికదే, పేరు అరిగిపోయింది.

దాంతో పది కొట్టాడు. ఎనిమిది సరిగ్గా చెప్పాడు. ఏడో బంతికి, "తాతా, ఇది కొంచెం కొసకు తాకింది, పొట్టిగా ఆగింది" అన్నాడు. చూస్తే అంతే. సాంచా చప్పుడు మారితే, చూడకుండానే పోగు తెగిందని నాకు తెలిసేది. వాడి చేతికి ఆ కర్ర అట్ల మాట్లాడింది.

దస్తీ విప్పుకుని వాడు రెండు కర్రలనూ చాలాసేపు చూశాడు. నేను ఏమీ అనలేదు. మ్యాలెట్‌ను సంచిలో పెట్టి, "రేపు సార్‌కు ఇచ్చేస్త" అన్నాడు.

అంటే పాతదాన్ని అట్లే వాడలేదు. అదీ 35 అంగుళాలే. క్లబ్బు బయట కర్రలు బాగుచేసే మిస్త్రీ రెండు అంగుళాలు కోసి, కొత్త పట్టు వేశాడు. కాడ కోస్తే తల తేలికైనట్టు తోస్తుంది. అందుకని వెనక సీసం పట్టీ కొంచెం కొంచెం అతికిస్తూ, వాడు చాలన్నప్పుడు ఆపాం. కర్రకు, పనికి కలిపి రెండు వేల రెండు వందలు అయింది.

వెంటనే పోటీలో గెలిచాడని రాస్తే మీకు బాగుంటుంది. గెలవలేదు. మొదటి రోజు దూరం కొట్టే కర్ర చెడగొట్టింది, రెండో రోజుకు మిగల్లేదు. కానీ ఆ రోజు గ్రీన్‌ల మీద ముప్పై ఒక్క దెబ్బలే పడ్డాయి. ఇంటికి వచ్చి వాడు చెప్పిన మొదటి మాట అదే. నా బిడ్డ ఆపరేషన్ దసరాకు ముందే అయింది.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. నాణెం ఇంకోవైపు పడి ఉంటే, అంటే ఆ ముప్పై వేల కర్రే వాడి చేతికి కుదిరి ఉంటే, నేనేం చేసేవాణ్ణో నాకు తెల్వదు. చిట్టీ ఎత్తమనేవాణ్ణో, 'బఢియా నహీ హై' అని అబద్ధం చెప్పేవాణ్ణో. పిల్లవాడు నన్ను అనుమానించడం మంచిదే అయింది. అందుకే పోగు కట్టాల్సి వచ్చింది. పెద్దవాళ్ల మాటకు కూడా ఒక పోగు కట్టి చూడాలి.

మావాడు రోజూ సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా మూడో అంతస్తు వరండాలో కొడుతున్నాడు. మా చాల్‌వాళ్లు ఇది చదివితే ఒక మనవి. పోగు కట్టి ఉంటే దాటుకుని పోండి. తెంపకండి.