ఐదు వేల ఆటలు

పోయిన ఆదివారం మా ఇంటికి భోజనానికొచ్చిన ఒకాయన, చెయ్యి కడుక్కుని బేస్‌మెంట్లోకి దిగి, నా ప్యాక్‌మ్యాన్ మిషను చుట్టూ ఓ ప్రదక్షిణ చేసి, "ఎందుకండీ ఈ డొక్కు? లోపలిదంతా పీకేసి ఎల్‌సీడీ పెట్టించండి, ఐదు వేల ఆటలొస్తాయి" అన్నాడు. తిన్న గుత్తివంకాయ కూరకైనా విశ్వాసం ఉండాలి కదా!

ఐదు వేల ఆటలు ఎవరిక్కావాలి? 1980 నాటి ఈ ఒక్క ఆటే నాకు తెమలలేదు. 255 మెట్లు దాటితే ఎనిమిది బిట్ల లెక్క పొంగిపోయి, 256లో సగం తెర చెత్తచెత్తగా అయిపోతుంది. నేను పదో మెట్టు మొహం కూడా చూడలేదు. తెర మొత్తం మీద అడ్డంగా 224, నిలువుగా 288 చుక్కలు, అంతే. పిక్చర్ ట్యూబు మీద అవి అంచుల దగ్గర కాస్త కరిగి ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. ఎల్‌సీడీ మీద అవే చుక్కలు బాత్రూం టైల్స్. ఆ ట్యూబు పీకేసినవాడు వీణకి తీగలు తెంపి స్పీకరు బిగించినవాడితో సమానం. ఇంతకన్నా మర్యాదగా చెప్పడం నాకు చేతకాదు.

కొన్న కొత్తలో బొమ్మ అంచులు వంకర్లు తిరిగేవి. జబ్బు తెలిసిందే: కండెన్సర్లు ఎండిపోయాయి. గుప్పెడు కొత్తవి తెప్పించి నాలుగు శనివారాలు సోల్డరింగ్ పొగ పీల్చాను. అయితే ప్లగ్గు పీకేసినా ట్యూబు పగ మర్చిపోదు, వేల వోల్టులు కడుపులో పెట్టుకుని కూర్చుంటుంది. స్క్రూడ్రైవరుకి వైరు చుట్టి, రెండో కొస ఫ్రేముకి తగిలించి, ట్యూబు మీది రబ్బరు టోపీ కిందికి మొన మెల్లగా పోనిస్తే 'టప్' మంటుంది. ఆ వేళ నా ఎడమ చెయ్యి జేబులో ఉంటుంది.

ఆ జేబు విద్య తెనాలిలో మా వీధి టీవీ మెకానిక్ బాబాయిది. "ఒరేయ్ అబ్బాయ్, రెండో చెయ్యి జేబులో పెట్టు, లేకపోతే కరెంటు గుండె మీదుగా పోద్ది" అనేవాడు. ట్యూబుకి ఆ వేల వోల్టులందించే ట్రాన్స్‌ఫార్మరుని నేనిప్పుడుండే చోట ఫ్లైబ్యాక్ అంటారు, ఆయన ఎల్వోటీ అనేవాడు. నేనిప్పటికీ అలాగే అంటాను, స్పేర్ పార్టులమ్మేవాళ్లు తెల్లమొహం వేస్తారు. 1987లో టీవీలో ఆదివారాలు పొద్దున రామాయణం సీరియల్ మొదలయ్యాక శనివారం సాయంత్రమైతే ఆయన కొట్టు ముందు రిక్షాల్లో టీవీలు దిగేవి. అన్నిటికీ రేపు పొద్దుటికల్లా ప్రాణం రావాలి. వెనక మూతలు లేని టీవీలు గోడ పొడుగునా వరసగా ఉండేవి, చొక్కాలిప్పి డాక్టరు కోసం కూర్చున్నట్టు.

మాదీ ఒకసారి చెడింది. రాత్రి పదింటికిస్తానన్నాడు, ఇవ్వలేదు. పొద్దున్నే నాన్నా నేనూ పరుగెత్తుకెళ్లేసరికి కొట్టు గుమ్మంలో బల్ల మీద మా టీవీ నిక్షేపంలా ఆడుతోంది. ముందు వీధి వీధంతా కూర్చునుంది, రెండు కొబ్బరికాయలు కూడా కొట్టారు. "అయిపోయాక పట్టుకెళ్లండి మేష్టారూ, ఇంతమందిని ఇప్పుడు లేపలేను" అన్నాడు బాబాయి.

ఆ వారం మా టీవీని మేం అందరికంటే వెనక నిలబడి చూశాం. రిపేరుకి ముప్ఫై రూపాయలు తీసుకున్నాడు.