మూడో సిలిండర్

"బండి మిస్సింగ్ కొడుతోంది రా" అని నాన్న మూడు వారాలుగా ఫోన్లో చెప్తున్నాడు. నేను హైదరాబాద్‌లో ఒక మీటింగ్‌కీ ఇంకో మీటింగ్‌కీ మధ్య "చూపించు నాన్నా" అంటున్నాను. దసరాకి విజయవాడ వెళ్ళినప్పుడు తాళం తీసుకుని బెంజ్ సర్కిల్ దాకా ఒక రౌండ్ వేసొచ్చాను.

"మిస్సింగేం లేదు. టకటకమని ఏదో చప్పుడొస్తోంది" అన్నాను.

"చప్పుడెక్కడుంది?" అన్నాడు నాన్న.

ఇంజన్ ఆన్‌లోనే ఉంది. బానెట్ ఎత్తే ఉంది. ఇనప పళ్ళెం మీద సుత్తితో కొడుతున్నట్టు చప్పుడు. పక్కింటావిడ కిటికీలోంచి తొంగి చూసింది కూడా. నాన్న వాదనకి అడగట్లేదు. నిజంగానే అడుగుతున్నాడు. నాకేం మాట్లాడాలో తెలీలేదు.

ముప్పై ఏళ్ళు ఒక ప్రభుత్వాఫీసులో జీపు తోలాడు నాన్న. వీధి మలుపులో శబ్దం విని అది ఎవరి బండో, దాని ఫ్యాన్ బెల్టు ఎన్నాళ్ళు ఆగుతుందో చెప్పేవాడు. రిటైరయ్యాక వచ్చిన డబ్బుల్లో కొంత పెట్టి ఈ డీజిల్ కారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. కంప్యూటర్ లేని కారు. పంపు, పైపులు, నాజిళ్ళు, అంతే. పదిహేనేళ్ళు దాటాక రిజిస్ట్రేషన్‌ని ఇంకో ఐదేళ్ళకి రెన్యూవల్ చేయించాడు. అదీ వచ్చే ఏడాదితో అయిపోతుంది.

నేను చదివింది మెకానికల్, చేసేది సాఫ్ట్‌వేర్. డీజిల్ సైకిల్ బొమ్మ నిద్రలో లేపినా వేస్తాను. 1897లో ఆగ్స్‌బర్గ్‌లో రుడాల్ఫ్ డీజిల్ ఇంజన్ పరీక్ష నెగ్గిందని కూడా తెలుసు. ఆ ఇంజన్ అసలు ఎందుకు చప్పుడు చేస్తుందో మాత్రం నన్ను ఏ పరీక్షలోనూ ఎవరూ అడగలేదు.

పెట్రోల్ ఇంజన్‌కి నిప్పురవ్వ కావాలి. డీజిల్‌కి అక్కర్లేదు. ఇలాంటి పాత ఇంజన్లలో గాలిని దాదాపు ఇరవయ్యో వంతుకి నొక్కేస్తారు. ఆ నొక్కుడుకే గాలి ఐదారు వందల డిగ్రీలకి వేడెక్కుతుంది. అప్పుడు నాజిల్ డీజిల్‌ని మంచులా చల్లుతుంది. చల్లగానే అంటుకోదు, ఒక మిల్లీసెకను అటూ ఇటూ ఆలస్యం. ఈలోగా పోగైనదంతా ఒక్కసారి అంటుకుంటుంది. డీజిల్ బండికి పుట్టుకతో వచ్చే టకటక ఈ దెబ్బే. నాజిల్ చల్లడం మానేసి బొట్లుబొట్లుగా కారిస్తే, పోగయ్యేది ఎక్కువవుతుంది, దెబ్బ పెద్దదవుతుంది. దాన్నే నాకింగ్ అంటారు.

మొదట చూపించిన మెకానిక్ బానెట్ ఎత్తి, రెండు నిమిషాలు చూసి, "బోర్‌కొచ్చింది సార్, ఇంజన్ దింపాల్సిందే" అన్నాడు. నాకా మాట ఎక్కడో విన్నట్టే అనిపించింది. ఇంటికొస్తుంటే గుర్తొచ్చింది. అప్పుడప్పుడూ పుస్తకాల మీద రాస్తుంటాను. "శిల్పం బలహీనంగా ఉంది" అని ఎన్నిసార్లు రాశానో! ఏ పేజీలో, ఏ వాక్యం దగ్గర కథ కుంటిందో చెప్పకుండా ఇంజన్ మొత్తం దింపమనడమే కదా అది.

మర్నాడు ఆటోనగర్‌లో పంపులూ నాజిళ్ళూ మాత్రమే చేసే మేస్త్రి దగ్గరికి వెళ్ళాం. ఆయన ముందు పొగ చూశాడు. నల్ల పొగయితే గాలికి మించి డీజిల్ పడుతోందని, నీలం పొగయితే ఇంజనాయిల్ కాలుతోందని. మాది తెలుపు, కళ్ళు మండించే తెలుపు. కాలకుండా బయటికొస్తున్న డీజిల్. తర్వాత పొడుగాటి స్క్రూడ్రైవర్ కొనని ఇంజన్‌కీ పిడిని చెవికీ ఆనించి విన్నాడు. 1816లో లాయెనెక్ అనే ఫ్రెంచి డాక్టరు కాగితాన్ని గొట్టంలా చుట్టి రోగి గుండె విన్నాడు. స్టెతస్కోపు మొదలైంది అక్కడే.

"టాపెట్లేమో?" అన్నాను, నా చదువుకి కాస్త పని చెప్తూ. టాపెట్ చప్పుడు ఇంజన్ రెండు చుట్లు తిరిగితే ఒకసారి వస్తుంది. మేస్త్రి నవ్వి, "సిలిండర్ కొట్టేదీ రెండు చుట్లకోసారే తమ్ముడూ, లెక్కపెట్టి ఏం తేలుస్తావ్?" అన్నాడు.

ఇంజన్ నడుస్తుండగానే 17 నంబర్ పానాతో నాజిళ్ళకెళ్ళే పైపు నట్లు ఒక్కొక్కటే వదులు చేశాడు. వదులు చేస్తే డీజిల్ బయటికి కారిపోతుంది, ఆ సిలిండర్‌కి తిండి అందదు. మొదటిది వదులు చేస్తే ఇంజన్ కుంటి ఆగిపోబోయింది. బిగించాడు. రెండోదీ అంతే. మూడోది వదులు చేశాడు. వేగం ఏమాత్రం తగ్గలేదు. కానీ ఆ సుత్తి చప్పుడు టక్కున ఆగిపోయింది. అంటే మూడో సిలిండర్ పనేం చేయట్లేదు, చప్పుడొక్కటే చేస్తోంది. టాపెట్ చప్పుడైతే డీజిల్ ఆపినంత మాత్రాన ఆగదు.

(ఇది పాత పంపు బండ్లకే. ఇప్పటి కామన్ రైల్ ఇంజన్లలో ఒత్తిడి వెయ్యి బార్లు దాటుతుంది. నట్టు వదులు చేస్తే ఆ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. చెయ్యకండి.)

"ఇందాకట్నుంచీ నేన్చెప్పేదేంటి? మిస్సింగ్!" అన్నాడు నాన్న.

నిజమే. ఐడ్లింగ్‌లో నిమిషానికి ఎనిమిది వందల చుట్లనుకుంటే, ఒక్కో సిలిండర్ సెకనుకి ఆరేడుసార్లు కాలాలి. మాది ఆరేడుసార్లూ తప్పుతోంది. నాన్న ఆ తప్పుని స్టీరింగ్‌లో, పాదాల కింద పట్టుకున్నాడు. కొత్త కార్లకి అలవాటుపడ్డ నా ఒంటికి అది తెలీనే లేదు. వయసుతో వినికిడి తగ్గినప్పుడు ముందుగా పోయేవి పదునైన శబ్దాలు. ఇంజన్ గుర్రుమనడం మిగులుతుంది, టకటక పోతుంది. మాటల్లో అచ్చులు మిగులుతాయి, స, ష, త లాంటివి జారిపోతాయి. ఆయనకి తెలిసింది నాకు తెలీలేదు, నాకు వినపడింది ఆయనకి వినపడలేదు. రెండిటికీ కారణం ఒక్క నాజిలే.

నాజిలేనా, నిజంగానే బోరా అన్నది ఇంకా తేలలేదు. మేస్త్రి మూడో నాజిల్‌ని ఒకటో దాంట్లో పెట్టి, ఒకటోదాన్ని మూడో దాంట్లో పెట్టాడు. బగ్ ఎక్కడుందో తేల్చడానికి ఆఫీసులో మేం చేసేదీ ఇదే, ఒకేసారి ఒక్కటే మార్చడం. జబ్బు నాజిల్‌తో పాటు ఒకటో సిలిండర్‌కి వెళ్ళింది. బోర్‌కేం కాలేదు. టెస్టర్ మీద మిగతా మూడు నాజిళ్ళూ మంచులా చల్లాయి. ఇది కుళాయిలా కారింది. కొత్త నాజిల్, కొత్త రాగి వాషర్లు వేసి, పైపుల్లో గాలి తీసి, స్టార్ట్ చేశాడు.

ఆ గంటన్నర నేను బెంచీ మీద కూర్చుని వేరే లెక్కలు వేసుకుంటున్నాను. ఏడాదిగా ఫోన్లో నేనేం చెప్పినా నాన్న "ఊఁ, ఊఁ" అంటున్నాడు. నా మాట పట్టించుకోవట్లేదని అలిగాను కూడా. టీవీ సౌండ్ పెంచేస్తే చాదస్తమన్నాను. నా మాటల్ని అమ్మ ఆయనకి మళ్ళీ ఎందుకు చెప్తోందో ఒక్కసారీ అడగలేదు. బానెట్ ఎత్తకుండానే బోర్‌కొచ్చిందనేశాను. హైవే మీద వెనక నుంచి లారీ హారన్ కొడితే ఆయనకి వినపడుతోందా అన్న ప్రశ్న నాకు ఆ బెంచీ మీదే మొదటిసారి వచ్చింది.

శనివారానికి చెవుల డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. అక్కడా ఇంతేనట. ఒక్కో చెవి, ఒక్కో శబ్దం, విడివిడిగా చూస్తారు. నాన్నకి ఎలా చెప్పాలో తేలక, తిరిగొచ్చేటప్పుడు పక్క సీట్లో ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాను.

బండి ఆయనే నడుపుతున్నాడు. సిగ్నల్ దగ్గర ఆగాక స్టీరింగ్ మీద అరచెయ్యి ఆనించి కాసేపు చూశాడు.

"మిస్సింగ్ పోయింది" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "చప్పుడు కూడా పోయిందా?" అని అడిగాడు.

"పోయింది నాన్నా" అన్నాను.

ఇంకా నా మొహంలోకే చూస్తున్నాడు. ఫోన్ పక్కన పెట్టి, ఆయనకేసి తిరిగి, మళ్ళీ చెప్పాను.