బొమ్మ వెయ్యరాని మాటలు

మా బుజ్జిగాడికి ప్రతి ఆదివారం సాయంత్రం కడుపునొప్పి వచ్చేది. వాము నమిలించాం, వేణ్ణీళ్ళు తాగించాం. నాలుగు ఆదివారాలు గడిస్తేగాని నాకు తట్టలేదు - సోమవారం బడిలో టీచరమ్మ అట్టముక్కలు చూపించి ఇంగ్లీషు మాటలు చదివిస్తుందని!

"సైట్ వర్డ్స్ అంటారత్తయ్యా. చూడగానే ఠక్కున చెప్పెయ్యాలిట, కూడబలుక్కోకూడదుట" అని మా కోడలు బడివాళ్ళిచ్చిన కాగితం నా చేతిలో పెట్టింది. పాపం, ఆఫీసునుంచి వచ్చేసరికే ఏడున్నర. ఇక ఆ భారం ఎవరి నెత్తిన పడిందో వేరే చెప్పాలా?

కాగితం చూశాను. ది, ఆఫ్, వాజ్, సెడ్, దే... ఏనుగంటే ఏనుగు బొమ్మ చూపిస్తాం. 'వాజ్'కు ఏం బొమ్మ చూపించను? 1936లో అమెరికాలో ఎడ్వర్డ్ డాల్చ్ అనే ఆయన అంతకుముందున్న పదాల పట్టికలు జల్లెడపట్టి ఇలాంటివి 220 ఏరి పెట్టాడు. వస్తువుల పేర్లవీ 95 వేరే ఉంచాడు. పిల్లల పుస్తకం ఏ పేజీ తెరవండి, సగానికి సగం ఆ 220లోవే కనిపిస్తాయి. అవి రాకపోతే పిల్లాడికి అడుగడుక్కీ ముల్లే.

ఇక్కడొక మాట దాచకుండా చెప్పాలి. వీడి తండ్రికి ఏడేళ్ళప్పుడు ఒత్తులు రావడం లేదని నేను స్కేలుతో కొట్టాను. ఒక్కసారి కాదు. ఇవాళ వాడు పెద్ద ఉద్యోగమే చేస్తున్నాడు గాని, సరదాకి పుస్తకం పట్టుకోగా నేను చూడలేదు. "పుస్తకం చూస్తే నాకు అరచెయ్యి మండుతుందే అమ్మా" అంటాడు. నవ్వుతూనే అంటాడు.

అందుకని ఈసారి ముగ్గుడబ్బా తీశాను. మేడమీద తొక్కుడుబిళ్ళ గీసి, గడికో మాట రాశాను. బిళ్ళ పడ్డ గడిలో మాట చదివితేనే గెంతాలి. నేను తప్పు చదివితే వాడికో గెంతు ఎక్కువ. ఇక చూడండి, నేను తప్పులమీద తప్పులు చదవడం, వాడు "కాదు నానమ్మా!" అని ఎగిరి పడడం! పెద్దవాళ్ళ తప్పు పట్టడంకంటే పిల్లలకు వేరే పరమాన్నం ఉందా?

వాన పడితే వైకుంఠపాళి. పాము నోట్లో పడ్డా, అట్టముక్కమీద మాట చదివితే పాము మింగదు. పొద్దున్న ఇంగ్లీషు పేపరు, ఎర్ర పెన్సిలు - 'ది' కనిపించిన చోటల్లా సున్నా చుట్టాలి. ఒక్క వార్తలోనే 31 దొరికాయి. మా వారికి చదవడానికి పేపరు మిగల్లేదు, అది వేరే సంగతి.

'సెడ్' మాత్రం లొంగలేదు. రోజూ 'సైడ్' అనేవాడు. ఒకనాడు పళ్ళెంలో బియ్యం పోశాను. వాడి అక్షరాభ్యాసం ఆ పళ్ళెంలోనే చేశాం. వేలితో రాయించాను - ఎస్, ఏ, ఐ, డి.

"మొదట ఏం వినిపిస్తోందిరా?"

"స్."

"చివర?"

"డ్."

"అయితే ఈ ఇద్దరూ మంచివాళ్ళే. మధ్యనున్న ఇద్దరే దొంగలు. 'ఎ' అని పలుకుతూ ఏ, ఐ వేషం వేసుకుని కూచున్నారు!"

వాడు పడీపడీ నవ్వాడు. మళ్ళీ 'సైడ్' అనలేదు. మాటను బొమ్మలాగా మొత్తం బట్టీ పట్టించేకంటే అక్షరానికీ ధ్వనికీ ముడివేసి, ముడి కుదరని చోటు మాత్రం వేలుపెట్టి చూపిస్తే బాగా నిలుస్తుందని ఈనాటి పరిశోధకులూ అంటున్నారు. తెలుగులో దాదాపు రాసిందే పలుకుతాం గనక మనకీ దొంగల బెడద తక్కువ.

రోజుకు మూడు మాటలు, పది నిమిషాలు. మధ్యమధ్య పాతవి కలపాలి, లేకపోతే వారం తిరక్కుండా ఆవిరైపోతాయి. ఒకరోజు ఆశకొద్దీ పన్నెండు పెట్టాను. వాడు మెల్లిగా పొట్ట పట్టుకున్నాడు. మారుమాట్లాడకుండా కాగితం మడిచేశాను.

మొన్న ఆదివారం రాత్రి తండ్రి పక్కన చేరి బొమ్మల పుస్తకం తెరిచాడు. "నాన్నా, ఇది చదువు" అన్నాడు. మా అబ్బాయి నావైపోసారి చూసి, "సైడ్" అన్నాడు.

"అయ్యో నాన్నా! మధ్యలో దొంగలున్నారు, చూసుకోవూ?"

ఆ పేజీ అయిపోయింది. తరవాతి పేజీ తిప్పమని ఎవరూ అడగలేదు. మా అబ్బాయే తిప్పాడు.