గాలికి దారి

వాగు గలగలమంటుంటే అది నీటి గొంతే అనుకుంటాం. ఆ గలగలలో చాలామటుకు నీటిలో చిక్కుకున్న గాలిది. నున్నటి కాలువలో నిండుగా సాగే నీరు ఎంత లోతున్నా పెద్దగా చప్పుడు చేయదు. రాయికి కొట్టుకుని చెదిరి, ఇంత గాలిని మింగిందా, ఇక సందడే. సూర్యుడి మీద పరిశోధనలు చేసిన ఖగోళ శాస్త్రవేత్త మార్సెల్ మిన్నార్ట్ 1933లో దీని లెక్క తేల్చాడు. నీటిలో పుట్టిన బుడగ ఉబ్బుతూ ముడుచుకుంటూ కంపిస్తుంది. అడ్డంగా 2 మిల్లీమీటర్లున్న బుడగైతే సెకనుకు దాదాపు 3,300 సార్లు. బుడగ పెద్దదయ్యేకొద్దీ స్వరం దిగుతుంది. 2 సెంటీమీటర్లదైతే 330. చేపల తొట్టి ఉన్న గదిలో పడుకునేవాళ్లకు ఈ రెండో రకం బాగా పరిచయం: నడిరేయి గొట్టంలోంచి వచ్చే గుడగుడ.

కారే కుళాయి సంగతీ ఇంతే. చుక్క పడ్డప్పుడు కాదు, చుక్క వెనకాల నీటిలో ఇరుక్కున్న చిన్న బుడగ కంపించినప్పుడే ఆ ‘టప్’ పుడుతుందని 2018లో కేంబ్రిడ్జి పరిశోధకులు చూపించారు. బకెట్లో కాస్త గిన్నెల సబ్బు కలిపితే చప్పుడు పోతుందని కూడా చెప్పారు. చేపలు పెంచేవాళ్లకు ఆ చిట్కా పనికిరాదు లెండి.

చిన్న తొట్లతో ఈ గుడగుడ గొడవ లేదు. తొట్టి పెద్దదైతే, కింది అరలో ఇంకో తొట్టి పెట్టి వడపోత సరంజామా అంతా అందులో దాస్తారు. దాన్నీ సంపు అనే అంటారు. మోటారు సంపులో నీళ్లను పైకి తోస్తూనే ఉంటుంది. పైన ఎక్కువైనవి చెరువు అలుగు పారినట్టు, ఓ మూలనున్న దువ్వెన పళ్ల అంచు దాటి చిన్న గాజు గదిలోకి దిగి, అక్కడ నిలబెట్టిన పీవీసీ గొట్టం గుండా మళ్లీ సంపు చేరతాయి. బాధంతా ఆ నిలువు గొట్టంతోనే.

నోరు తెరిచిన గొట్టాన్ని ఊరికే నిలబెడితే నీళ్లు దాని గోడల వెంట జారుతూ నడుమనున్న గాలిని కిందికి ఈడ్చుకుపోతాయి. ఉన్నట్టుండి ఒకచోట నీళ్లు గొట్టాన్ని పూర్తిగా మూసేస్తాయి. అప్పుడు సైఫన్ పుట్టి గదిలో నీటినంతా జుర్రేస్తుంది. మట్టం పడిపోగానే గాలి దూరి, సైఫన్ తెగుతుంది. మళ్లీ నిండుతుంది, మళ్లీ జుర్రుతుంది. రాత్రంతా ఇదే తంతు. హాల్లో పెట్టుకోవడానికి డబ్బు పోసి ఫౌంటెన్లు కొనేవాళ్లు కూడా ఈ చప్పుడుని అరగంట భరించలేరు. ఫౌంటెన్ చప్పుడుకు ఒక తీరుంటుంది. ఇది ఆగినట్టే ఆగి, కన్ను మూతపడే వేళకు మొదలవుతుంది.

అమెరికాలో డర్సో అనే చేపల తొట్ల ఔత్సాహికుడు కుదిర్చిన ఉపాయం చూస్తే ఇప్పటికీ నాకు ముచ్చటేస్తుంది. గొట్టం తలకు ఒక టీ అతుకు, దాని పక్క మూతికి కిందికి తిరిగిన ఎల్బో. నీళ్లు ఉపరితలం అడుగునుంచే లోపలికి పోతాయి కాబట్టి సుడి గాలిని లాగదు. టీ నెత్తిన మూత, ఆ మూతకు ఒక సన్నటి బెజ్జం. మహిమంతా ఆ బెజ్జంలోనే ఉంది. మరీ చిన్నదైతే సైఫన్ పుట్టి పాత తంతు మొదలవుతుంది. మరీ పెద్దదైతే బుస్సుమంటూ గాలి పీలుస్తుంది. కాల్చిన సూదితో మొదలుపెట్టి, చెవి ఒగ్గి వింటూ, వెంట్రుకవాసి చొప్పున పెంచుకుంటూ పోవాలి. ఏ కొలత సరైనదో చెవే చెబుతుంది. ఇంకో మాట: నీళ్లపైన ఉండే ఈ అతుకులకు సొల్యూషన్ పూయకూడదు. ఊరికే గుచ్చి బిగిస్తే చాలు, రేపు పాచి కడగడానికి ఊడదీయొచ్చు.

డర్సో గొట్టం గాలికి వేరే వాకిలి ఇచ్చి సర్దుకుంటుంది. రెండో పద్ధతి గాలిని అసలు రానివ్వదు. గొట్టం నిండా నీరే, పూర్తి సైఫన్. వినడానికి ఏమీ ఉండదు. చిక్కేమిటంటే, మూడడుగుల పల్లం దొరికితే అంగుళం గొట్టం గంటకు 3,000 లీటర్లను సునాయాసంగా లాగేస్తుంది. మన మోటారు తోసేది 2,000 అయితే సైఫన్ నిలవదు. అందుకని గొట్టం కింద వాల్వు బిగించి, వచ్చేదానికీ పోయేదానికీ లెక్క సరిపెట్టాలి.

హార్డ్‌వేర్ షాపులో గేట్ వాల్వు అడిగితే కొట్టాయన వింతగా చూశాడు. “పైన ట్యాంకుకా సార్?” “కాదండీ, చేపల తొట్టికి.” “దానికి బాల్ వాల్వు తీసుకోండి సార్, ఇలా తిప్పితే ఆగిపోద్ది.” ఆగిపోవడం మనకు అక్కర్లేదు. బాల్ వాల్వు పావు చుట్టులో మొత్తం మూసేస్తుంది. గేట్ వాల్వుకు బోలెడు చుట్లున్నాయి, నలుసంత తేడా కూడా పట్టొచ్చు. ఆయన తెచ్చిచ్చింది ఇత్తడిది. ఇత్తడిలో రాగి ఉంటుంది, రొయ్యలకూ నత్తలకూ రాగి విషం. ప్లాస్టిక్‌దే కావాలంటే నాలుగు కొట్లు తిరగాల్సిందే.

ఎంత సరిపెట్టినా లెక్క పూర్తిగా తెగదు. అందుకే సైఫన్‌ను ఒక్క పిసరు తక్కువగా ఉంచి, మిగిలిన సన్నధారకు పక్కన రెండో గొట్టం పెడతారు. అంత కొంచెం నీరైతే గోడ అంటుకుని చప్పుడు లేకుండా జారుతుంది. కరెంటు పోయినప్పుడు అసలు పరీక్ష. మోటారు ఆగుతుంది, సైఫన్ తెగుతుంది, గొట్టాల్లో మళ్లీ గాలి చేరుతుంది. కరెంటు రాగానే ఎవరూ చెయ్యి పెట్టకుండా సైఫన్ తనంతట తాను అందుకోవాలి. గొట్టం చివర సంపు నీటిలో అంగుళానికి మించి మునిగిందంటే గాలి బయటపడలేక మొరాయిస్తుంది. సరిగ్గా ఉంటే ఒకటి రెండు నిమిషాలు గోల చేసి సర్దుకుంటుంది. ఇన్వర్టర్ మీద మోటారు నడిపేవాళ్లు ఈ పరీక్షను వాయిదా వేస్తారు, తప్పించుకోలేరు.

బీన్‌యానిమల్ అనే పేరుతో చెలామణీ అయ్యే అమరికలో మూడో గొట్టం కూడా ఉంటుంది. మిగతా రెంటికంటే ఎత్తుగా, ఎప్పుడూ పొడిగా. పై రెండూ పూడుకుపోయిన రోజున హాలు మునగకుండా కాపాడేది అదే. నేనైతే దాని చప్పుడు తగ్గించడానికి ఏ ఏర్పాటూ చేయను. సంపు నీటికి పైనే కోసి వదిలేస్తే, నీళ్లు దిగిన క్షణాన ఇల్లంతా వినబడుతుంది. చేప దూరుతుందని భయపడి దాని నోటికి జాలీ పెట్టేవాళ్లున్నారు. పెట్టకూడదు, ఆ జాలీయే ఏదో ఒక రోజు పూడుకుంటుంది. చేపలను ఆపడానికి దువ్వెన పళ్లు ఉండనే ఉన్నాయి. మూడోది మోగితే ముందు సైఫన్ గొట్టం మూతి తడిమి చూడాలి. ఎక్కువసార్లు చేతికి తగిలేది నత్తే.