బస్తీ, బంగళా, క్వార్టరు

రాజధానిలో ప్రభుత్వరంగ సంస్థలలో పనిచేసే మావంటివారికి ఎన్నికల దినం రెండు రూపాలలో ఎదురవుతుంది: ఒకసారి ఓటరుగా, మరొకసారి పోలింగ్ సిబ్బందిగా. పోలింగ్ బల్ల వెనుక కూర్చుని చూచినప్పుడు ఢిల్లీ నగరం వేరుగా కానవస్తుంది. ఉదయం తలుపులు తెరిచే వేళకే వరుసలో నిలబడి ఉండేవారు ఇళ్ళలో పాచిపని చేసే స్త్రీలు, రిక్షావారు, కూరల బండ్లవారు. వారు పనిచేసే ఇళ్ళ యజమానులు ఫలహారాలు ముగించుకుని తీరికగా వస్తారు. కొందరు అసలు రారు. చదువుకున్నవారికి పౌరచైతన్యం ఎక్కువని పాఠ్యపుస్తకాలలో చదివిన మాకు ఇది మొదట వింతగానే తోచింది.

అంకెలు కూడా ఈ మాటనే బలపరుస్తాయి. 2020 శాసనసభ ఎన్నికలలో పాతనగరపు ఇరుకు సందులున్న బల్లీమారాన్‌లో 71.6 శాతం పోలింగ్ జరుగగా, విశాలమైన వీధులున్న ఢిల్లీ కంటోన్మెంటులో 45.4 శాతమే నమోదయింది. అమెరికాలో ఆదాయంతో పాటు ఓటువేసే అలవాటూ పెరుగుతుందనీ, మన దేశంలో ఆ సూత్రం వర్తించదనీ సి.ఎస్.డి.ఎస్. పరిశోధకులు 1990ల నుండి చెబుతూనే ఉన్నారు. అయితే కంటోన్మెంటువారిని నిందించుట న్యాయం కాదు. సైనికునికి బదిలీ అవుతుంది. జాబితాలో పేరు మాత్రం బదిలీ కాదు. పోలింగ్ శాతం పడిపోయినచోట బద్ధకం ఎంతో, ఊరు విడిచినవారి పేర్లెన్నో వేరుచేసి చూడాలి.

బస్తీవాసి ఓటును అంత భద్రంగా చూచుకొనుటకు కారణం వేరొకటి ఉన్నది. ఢిల్లీ ప్రభుత్వపు 2015 పునరావాస విధానం ప్రకారం, గుడిసె తొలగిస్తే ప్రత్యామ్నాయ గృహం పొందుటకు 2012-15 నాటి ఓటర్ల జాబితాలలో పేరుండుట ఒక అర్హత. మనకు ఆ జాబితా ఒక కాగితం; వారికి అది ఇంటి పట్టా వంటిది. జంగ్‌పురాలో బారాపుల్లా మురుగుకాల్వ ఒడ్డున తమిళ కుటుంబాలు అధికంగా నివసించిన మద్రాసీ క్యాంపు కథ ఇందుకు నిదర్శనం. ఉన్నత న్యాయస్థానం ఆదేశంపై 2025 జూన్ 1న దానిని కూల్చివేశారు. సుమారు 370 కుటుంబాలలో 189 కుటుంబాలకే నరేలాలో ఇళ్ళకు అర్హత లభించింది. నరేలా నగరపు ఉత్తరపు కొసన ఉన్నది, నియోజకవర్గమూ వేరు. అంతకు నాలుగు నెలల ముందే జంగ్‌పురాలో మనీష్ సిసోడియా కేవలం 675 ఓట్ల తేడాతో ఓడిపోయారు. ఒక్క బస్తీ లేచిపోతే నియోజకవర్గపు స్వరూపమే మారిపోగలదని వేరే చెప్పనక్కరలేదు.

క్వార్టర్ల సంగతీ ఇంతే. సరోజినీనగర్ మొదలైన ఏడు ప్రభుత్వ కాలనీల పునర్నిర్మాణానికి కేంద్ర మంత్రివర్గం 2016లో ఆమోదం తెలిపింది. వేపచెట్ల నీడలోని ఆ రెండంతస్తుల ఇళ్ళు వరుసగా ఖాళీ అయినాయి. న్యూఢిల్లీ నియోజకవర్గంలో 2020లో సుమారు 1.46 లక్షలున్న ఓటర్లు 2025 నాటికి 1.09 లక్షలకు తగ్గారు. కారణాలపై పార్టీలు వాదులాడుకున్నాయి. ఖాళీ అయిన ఇళ్ళను మాత్రం మేము కళ్ళారా చూచాము. అక్కడ అరవింద్ కేజ్రీవాల్ ఓటమికి తేడా 4,089 ఓట్లు.

ఇక మొగ్గు మాట. 2025 ఎన్నికలకు మూడు వారాల ముందు ఎనిమిదవ వేతన సంఘం ప్రకటన, నాలుగు రోజుల ముందు బడ్జెట్టులో పన్ను రాయితీ వెలువడినాయి. ఉద్యోగుల కాలనీలలో ఈ రెండింటిని మించిన చర్చ లేదు. అలాగని ఫలానా కాలనీ ఫలానా పార్టీదని గీత గీయుట తొందరపాటు. 2014, 2019, 2024 లోక్‌సభ ఎన్నికలలో ఏడు స్థానాలనూ భాజపాకు ఇచ్చిన ఢిల్లీయే 2015లో 70కి 67, 2020లో 62 శాసనసభ స్థానాలు ఆమ్ ఆద్మీకి ఇచ్చింది. అవే వీధులు, అవే ఇళ్ళు. 1998లో ఉల్లిధర మండినప్పుడు బంగళాకూ బస్తీకీ భేదం లేకపోయింది.

తెలుగువారమైన మా చిక్కు మరొకటి. మాలో అనేకుల పేర్లు నేటికీ స్వగ్రామపు జాబితాలోనే ఉన్నాయి. రెండుచోట్ల నమోదుకు చట్టం ఒప్పదు. 2024 మే 13న హైదరాబాదు నుండి బస్సులు క్రిక్కిరిసి ఆంధ్రకు తరలినాయి. హైదరాబాదు లోక్‌సభ స్థానంలో పోలింగ్ 48 శాతం దాటగా ఆంధ్రప్రదేశ్‌లో 80 శాతం మించింది. ఢిల్లీ నుండి ఒక్క ఓటుకోసం ఒకటిన్నర రోజు రైలు ప్రయాణం అందరికీ సాధ్యం కాదు. ఇక్కడ కుళాయి రాకపోతే ఎవరిని అడగాలో తెలియని మేము, అక్కడి సర్పంచి పేరు తడుముకోకుండా చెప్పగలము!

విశాఖ నుండో హైదరాబాదు నుండో బదిలీపై వచ్చిన ఉద్యోగికి ఇల్లు కుదరగానే గ్యాసు, విద్యుత్తు, పిల్లల బడి కాగితాలన్నీ మొదటి నెలలోనే పూర్తవుతాయి. నివాసం మారినప్పుడు నింపవలసిన ఎనిమిదవ నంబరు ఫారం మాత్రం ఆ కట్టలో కనిపించదు.