మేకన్ పట్టణములో ఒక దినము



అమెరికా చూచి వచ్చినవారు నయాగరా జలపాతమును గూర్చియో, న్యూయార్కు మేడలను గూర్చియో వ్రాయుట వాడుక. మేము వ్రాయఁబోవునది ఒక వంటయింటిని, ఒక శ్మశానవాటికను, ఆ రెంటినడుమఁ బెరిగిన యొక సంగీతబృందమును గూర్చి. ఇది మేము కోరి యెన్నుకొన్న విషయము గాదు. 2023వ సంవత్సరము వేసవి సెలవులలో మా వారికి బడి లేకుండుటచే, అట్లాంటా నగరమున నుద్యోగము చేయుచున్న మా తమ్ముని యింట నెలదినము లుండితిమి. ఆ ప్రాంతమునఁ దెలుఁగువా రెందఱో కలరు. గుడికిఁ బోయినను, కూరగాయల యంగడికిఁ బోయినను మన మాట చెవిని బడుచుండును. ఒక శనివారము తెల్లవాఱగనే మా తమ్ముఁడు "అక్కయ్యా, నేఁడు మేకన్ పోవుదము" అనెను. అచట నే క్షేత్ర మున్నదని యడిగితిమి. "ఆల్‌మన్ బ్రదర్స్ అను పాటగాండ్ర యిల్లున్నది, వారి సమాధులున్నవి" అనెను.

మా మొగము చిన్నవోయినది. దానికిఁ గారణము చెప్పవలెను. మా నాయనగారు మృదంగము నెఱిఁగినవారు. కొడుకును అయిదవయేఁటనే మృదంగము ముందుఁ గూర్చుండఁబెట్టిరి. వాఁడు కళాశాలలోఁ జేరిన రెండవయేఁట గిటారు కొనుక్కొని, మృదంగమును గుడ్డఁ జుట్టి యటకపైఁ బెట్టెను. నాయనగారు కేకలు వేసినవారు కారు, మాటలు తగ్గించిరి. వాఁ డమెరికానుండి ఫోను చేసినపుడు "బాగున్నావా? అమ్మ కిచ్చుచున్నాను" అనుటయే గాని మూఁడవమాట లేదు. ఇట్లు కొన్ని యేండ్లు గడచినవి. మేమును నాయనగారి పక్షమే. చిన్ననాఁట నింటనే పెద్దలయొద్ద భారతభాగవతములు చదువుకొన్న మాకు, రాక్ సంగీత మనఁగాఁ దీఁగెలకు విద్యుచ్ఛక్తి యెక్కించి చేయు ఱచ్చ యనియే తలఁపు. అయినను ఆతిథ్యమున నున్నవారము, కాదన లేకపోతిమి.

అట్లాంటాకు మేకన్ ఆగ్నేయముగా సుమారు 85 మైళ్లు. దారి పొడుగున దేవదారువంటి చెట్లు, వాని మొదళ్లయొద్ద మన రాజమహేంద్రవరపు గట్లవంటి యెఱ్ఱమన్ను. కారు నడుపుచు మా తమ్ముఁడు కథ చెప్పెను.

డ్యువేన్, గ్రెగ్ అను నన్నదమ్ములు 1946లో నొకరు, 1947లో నొకరు జన్మించిరి. తండ్రి సైనికుఁడు. 1949 డిసెంబరులో దారిని బోవు వానిని జాలిపడి కారులో నెక్కించుకొనఁగా, వాఁడే యాయనను జంపెను. తల్లి జెరాల్డీన్ మరల వివాహమాడలేదు. గణకవిద్య నేర్చి, లెక్కలు వ్రాయు నుద్యోగము చేసి బిడ్డలను బెంచెను. చిన్నవాఁడు వార్తాపత్రికలు పంచి కూడఁబెట్టిన డబ్బుతో గిటారు కొనెను; పెద్దవానికి మోటారుసైకిలు లభించెను. వాఁడు దానిని విఱుగఁగొట్టి, తమ్ముని గిటారుకై పోరు పెట్టి, తుద కా బండిముక్కలను మార్చి తానును గిటారు తెచ్చుకొనెను. ఈ మోటారుసైకిలు ముచ్చటకు మా వారు నవ్విరి. మా తమ్ముఁడు నవ్వలేదు. ఏలనో సాయంకాలమునకుఁ దెలిసినది.

1969 మార్చిలో ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్ నగరమున నాఱుగురు గూడి బృందముగా నేర్పడిరి. డ్యువేన్, డికీ బెట్స్ గిటారులు. బెర్రీ ఓక్లీ మంద్రస్వరపు గిటారు. గ్రెగ్ పాటయు, ఆర్గన్ వాద్యమును. డ్రమ్ములకు బుచ్ ట్రక్స్, జైమో అను నిద్దఱు. జైమో నల్లజాతివాఁడు. అమెరికా దక్షిణరాష్ట్రములలో ఆ దినములలో తెల్లవారును నల్లవారును ఒక వేదికపైఁ గూర్చుండి వాయించుట, ఒక బండిలోఁ దిరుగుట సామాన్యముగ జరుగు పని గాదు. నల్లవారి బ్లూస్ పాటలు, పల్లెపదములు, జాజ్ సంగీతము కలసి వీరి చేతులలో "దక్షిణదేశపు రాక్" అను పేరఁ బ్రసిద్ధమయినది. ఓటిస్ రెడ్డింగ్ అను మేకన్ గాయకుని వ్యవహారములు చూచిన ఫిల్ వాల్డెన్ అనునతఁడు ఆ యూరఁ గాప్రికార్న్ అను రికార్డుల సంస్థ పెట్టెను. అతని పిలుపుననే వీరు మేకన్ చేరిరి.

ఊరు చేరునప్పటికిఁ బదునొకండు గంటలు. మొదట "ఎచ్ అండ్ ఎచ్" అను భోజనశాలకుఁ బోతిమి. దీనిని 1959లో ఐనెజ్ హిల్, లూయీజ్ హడ్సన్ అను నిద్దఱు నల్లజాతి స్త్రీలు స్థాపించిరి. ఈ లూయీజ్‌ను ఊరంతయు "మామా లూయీజ్" యనిరి. ఇచట మేము కొంత నిలువవలెను.

ఆ కుఱ్ఱవాండ్రు వచ్చిన క్రొత్తలోఁ జేత డబ్బు లేదు. ఒకనాఁడు రెండు పళ్లెముల భోజనమునకు మాత్రము సొమ్మిచ్చి, అందఱును బంచుకొని తినిరఁట. మామా లూయీజ్ చూచి, మాటాడక, ఒక్కొక్కని ముందు నొక్కొక్క నిండు పళ్లెము పెట్టెను. అప్పు ఎప్పటికిఁ దీఱునని యడుగలేదు. ఆమె పెఱిఁగినది వర్ణభేదము వలన నల్లవారు తెల్లవారి భోజనశాలలలోనికిఁ బోరాని దినములలో. ఆమె ముందుఁ గూర్చున్నవారు తెల్లవారి బిడ్డలు. వారి జడలు చూచి వారి జాతివారే మొగము త్రిప్పుకొనుచుండిరి. ఆమెకుఁ గనఁబడినది ఆఁకలి మాత్రమే. లంకల గన్నవరములో డొక్కా సీతమ్మగారు వేళగాని వేళ వచ్చినవారికి వండివడ్డించిన కథ మన యిండ్లలో నెవ్వ రెఱుఁగరు? సీతమ్మగారు 1909లో గతించిరి. వారి పేరు చెప్పి నేఁటికిని మన ప్రాంతమున నన్నము పెట్టుచున్నారు. మామా లూయీజ్‌ను ఆ కుఱ్ఱవాండ్రు మఱవలేదు. 1972లో కచ్చేరీలకుఁ బోవుచు ఆమెను గూడ వెంటఁ గొనిపోయిరి. ఆమె 2022లో స్వర్గస్థురాలయ్యెను. మే మొక సంవత్సరము ముందు వచ్చియుండినచో కనులారఁ జూచియుందుము.

గోడలనిండ ఆ బృందమువారి చిత్రములే. అచటి యాకుకూరలలోఁ బంది మాంసము వేయుట దేశాచారమని తెలిసి, మేము మొక్కజొన్నరొట్టెతో సరిపెట్టుకొంటిమి. వేఁడిగ నున్నంతసేపు బాగుగనే యున్నది. మా వారు రెండవది యడిగిరి.

పిదప వైన్‌విల్ వీధిలోని "పెద్దయిల్లు" చూచితిమి. ఓక్లీ భార్య లిండా ఈ యింటిని వెదకి కుదిర్చెను. అద్దె నెలకు 225 డాలర్లు. 1970 మొదలు 1973 వఱకు బృందమువారు, భార్యలు, పసిబిడ్డలు, అక్కచెల్లెండ్రు ఉమ్మడికుటుంబముగ నందుఁ గాఁపురముండిరి. 2009 నుండి యిది ప్రదర్శనశాల. గిటారులు, కచ్చేరీ దుస్తులు, చేతివ్రాఁతలు అద్దపుఁబెట్టెలలో నున్నవి. మా తమ్ముఁడు వానియొద్ద నిలువఁబడియుండఁగా మేము వంటయింటిలోనికిఁ బోతిమి. "రామ్‌బ్లిన్ మ్యాన్" అను వారి మిక్కిలి పేరొందిన పాటను బెట్స్ ఈ వంటయింటనే తెల్లవాఱుజామునఁ గూర్చుండి వ్రాసెను. ఇంటిల్లిపాదికి వండిన స్త్రీలు ఒక పాటయు వ్రాయలేదు. వారికిఁ దెల్లవాఱుజామున నిద్ర చాలకుండియుండును.

ఇంకొక పాట పుట్టుక మాకు మఱియు నచ్చినది. జాక్సన్‌విల్‌లో నొకరాత్రి గ్రెగ్‌నకుఁ బాట స్ఫురించెను. కాగితము కనఁబడలేదు. అగ్గిపుల్ల వెలిగించి యార్పి, ఆ మసితో ఇస్త్రీబల్లపైఁ గప్పిన గుడ్డమీఁద వ్రాసెను. "విప్పింగ్ పోస్ట్" అను నా పాట లోక ప్రసిద్ధమయినది. ఆ గుడ్డ నుదికినవారి పేరు చరిత్రలో లేదు.

ఆ పాటను గూర్చియే సంగీతము నెఱిఁగిన సోదరీమణులకు రెండు మాటలు. దాని యెత్తుగడ పదునొకం డక్షరముల తాళములో నున్నది: మూఁడు, మూఁడు, మూఁడు, రెండు. కట్టినవానికే యది తెలియదఁట. అన్న లెక్కించి చెప్పిన పిమ్మటఁ దెలిసినది. డ్యువేన్ జలుబుమాత్రల గాజుసీసాను వ్రేలికిఁ దొడిగి తీఁగెలపై జాఱ్చుచు వాయించెడివాఁడు. మన గోటువాద్యముపైఁ గొయ్యదిమ్మెను జాఱ్చినట్లే, స్వరము స్వరముతోఁ గలసి గమకముగఁ బలుకును. కచ్చేరిలో పాట యొక సాకు మాత్రమే. పల్లవి యందుకొని యిరువది నిమిషములు మనోధర్మముగఁ బెంచుదురు. 1971 మార్చి 12, 13 తేదీలలో న్యూయార్కులోని ఫిల్‌మోర్ ఈస్ట్ రంగశాలలో వాయించినది రెండు రికార్డులుగ వెలువడినది. నాలుగు ప్రక్కలకుఁ గలిపి పాట లేడే. తుదిప్రక్క యంతయు ఈ యొక్క పాట, ఇరువదిమూఁడు నిమిషములు.

ఆ కీర్తి యనుభవించుటకు డ్యువేన్ మిగులలేదు. 1971 అక్టోబరు 29న లిండా పుట్టినదినము. అతఁ డీ పెద్దయింటికి వచ్చి శుభము పలికి, మోటారుసైకి లెక్కి పోవుచు, కొంతదూరములోనే లారీ యడ్డము రాఁగాఁ బడి మరణించెను. వయస్సు ఇరువదినాలుగు. మఱుసటి సంవత్సరము నవంబరు 11న ఓక్లీ, ఆ స్థలమునకు మూఁడు నాలుగు వీధుల దూరములోనే, మోటారుసైకిలుపై నొక బస్సును ఢీకొనెను. లేచి, తనకేమియుఁ గాలేదని వైద్యము వలదని యింటికి వచ్చి, కొన్ని గంటలలోఁ బ్రాణము విడిచెను. అతనికిని ఇరువదినాలుగే. తలకు దెబ్బ తగిలినవారు బాగుంటిమన్నను నమ్మరాదు. మగవారు చెప్పినను వినక వైద్యునియొద్దకుఁ బంపుఁడు.

మిగిలినవారు ఆఁగలేదు. 1973 జూలై 28న వాట్కిన్స్ గ్లెన్ అనుచోట మఱి రెండు బృందములతోఁ గలసి కచ్చేరి చేయఁగా, టిక్కెట్టు కొన్నవారు లక్షయేఁబదివేలు, వచ్చినవారు ఆఱులక్షలని యంచనా. గోదావరి పుష్కరములు చూచినవారికి ఆ సమ్మర్దము బోధపడును. పిదప మత్తుమందులు, తగవులు, న్యాయస్థానములు. 1976లో విడిపోయిరి, కలిసిరి, 1982లో మరల విడిపోయిరి. ఆ కథ మే మెత్తికొనము. 1989లో మరల నేకమై, న్యూయార్కులోని బీకన్ రంగశాలలో నేఁటేఁట ఉత్సవమువలె కచ్చేరీలు సాగించిరి. 1999లోఁ జేరిన డెరెక్ ట్రక్స్ మన అలీ అక్బర్ ఖాన్ గారి సరోదును శ్రద్ధగ విన్నవాఁడు. ఆ గమకము లతని గిటారులోఁ బలుకును.

సాయంకాలము రోజ్ హిల్ శ్మశానవాటిక చేరితిమి. 1840 నాఁటిది. మెట్లుమెట్లుగ ఓక్మల్గీ నదిలోనికి దిగుచుండును. నదికిని సమాధులకును నడుమ రైలుదారి. డబ్బు లేని దినములలో ఆ కుఱ్ఱవాండ్రు రాత్రులందు వచ్చి యిచటనే పాటలు కట్టుకొనెడివారు. 1935లో గతించిన ఎలిజబెత్ రీడ్ అను ముసలమ్మ పేరు ఱాతిపైఁ జూచి, బెట్స్ తాను కట్టిన యొక మాటలులేని వాద్యకృతికి దానిని బెట్టెను. తన మనసులోని స్త్రీ పేరు బయటఁ బెట్టరాక యట్లు చేసెనఁట. పాప మా యమ్మ వారి సంగీత మెన్నఁడును వినలేదు. అయినను లోకములోని నలుమూలలనుండి వచ్చి యామెకుఁ బూవులు పెట్టుచున్నారు.

డ్యువేన్, ఓక్లీ ప్రక్కప్రక్కల నున్నారు. 2017 మే నెలలో గతించిన గ్రెగ్ కూడ అన్నయొద్దకే వచ్చెను. బుచ్ ట్రక్స్ ఆ జనవరిలోనే పోయెను. మేము తిరిగివచ్చిన మఱుసటి యేఁడు, 2024 ఏప్రిలులో, బెట్స్ గతించెను. అప్పటికి మిగిలినవాఁడు జైమో యొక్కఁడు. తల్లి జెరాల్డీన్ తొంబది యేండ్లు పైబడి జీవించెను. అనఁగాఁ బెద్దకొడుకు పోయిన పిదప నలువది యేండ్లకుఁ బైఁగా.

కంచెయొద్ద రాతిపైఁ గూర్చుండి మా తమ్ముఁడు చెప్పిన మాట యిది. వాఁడు 2014లో న్యూజెర్సీలో నుండెను. అక్టోబరు 28న బీకన్ రంగశాలలో తుదికచ్చేరి. టిక్కెట్టునకు జీతములో నెంత పోయినదో మాకిప్పటికిని జెప్పలేదు. మూఁడు విడతలుగ వాయించిరి. నడిరేయి దాఁటి 29వ తేదీ, డ్యువేన్ పోయిన దినము, ప్రవేశించెను. అప్పుడు "విప్పింగ్ పోస్ట్" ఎత్తుకొనిరి. పిదప 1969లోఁ దాము కలసి మొట్టమొదట వాయించిన పాటనే వాయించి ముగించిరి. జనమంతయు నిలువఁబడి కన్నీరు పెట్టుచుండఁగా, వాఁడు మాత్రము తొడపైఁ జేయి వేసి లెక్కించుచుండెనఁట.

వెలుపలికి వచ్చి ఇంటికి ఫోను చేసెను. ఇచటఁ బ్రొద్దెక్కినది. నాయనగారే యెత్తిరి. "బాగున్నావా? అమ్మ—" అనుచుండఁగనే వీఁడు, "నాయనగారూ, పదునొకం డక్షరముల తాళము వింటిని" అనెను.

కొంతసేపు మాట లేదు. "ఎట్లు విఱిచిరి?"

"మూఁడు, మూఁడు, మూఁడు, రెండు."

"మనకు మూఁడు, రెండు, మూఁడు, మూఁడు. త్రిశ్రజాతి ధ్రువము. మణితాళ మందురు. వారు వరుస తప్పిరి. వాయించిన దెవఁడు?"

"ఇద్దఱు, నాయనగారూ. నలువదియైదేండ్ల క్రిందటఁ గలిసినవారు."

"ఇద్దఱును గలిసి తప్పినచో నది తప్పు కాదులే. వేసి వినిపింపుము."

వాఁడు న్యూయార్కు వీధిలో నిలిచి, ఫోనుమీఁద వ్రేళ్లతో వేసి వినిపించెను. నాయనగా రావలినుండి సరిదిద్దిరి. అది మొదలు నాయనగారు 2018లో మమ్ము విడిచిపోవువఱకు ప్రతివారమును వారిద్దఱు మాటాడుకొనిరఁట. మాకా కారణము తెలియదు. ఆ దినమున నాగులచవితికిఁ బుట్టింటికి వచ్చి యింక నచటనే యుంటిమి. భోజనమువేళ నాయనగారు పీఁటపైఁ గూర్చుండి, అన్నము కలుపకుండ ఎడమచేతితో మోకాలిపైఁ దట్టుచుండఁగా, ఏమని యడిగితిమి. "పాతలెక్క యొకటి" అనిరి.

చీఁకటిపడుచుండఁగా లేచితిమి. రైలొకటి నదిగట్టున దీర్ఘముగఁ గూయుచుఁ బోయినది. కారులోఁ గూర్చున్న పిదప, ఆ యిరువదిమూఁడు నిమిషముల పాటను బెట్టుమని మేమే యడిగితిమి. మా వారు వెనుక నిద్రించుచుండిరి. చేయి తొడపై వేసి లెక్క మొదలిడితిమి; మూఁడవ యావృత్తమునఁ దప్పినది. మరల మొదటినుండి పెట్టుమంటిమి.