నోటుబుక్కులో లేని పేరు

ఆదివారం విజ్ఞాపన ప్రార్థన కోసం శనివారం రాత్రే ఒక నోటుబుక్కులో పేర్లు రాసుకోవడం నా అలవాటు. జబ్బున పడ్డవాళ్లు, పరీక్షలు రాసే పిల్లలు, చివర్లో కష్టాల్లో ఉన్న దేశాలు. మొన్న ముసురు పట్టి ఇంట్లోనే ఉండి పాత పుస్తకాలు తిరగేశాను. ఊళ్లోవాళ్ల పేర్లు నెలల తరబడి ఉన్నాయి. దేశాలు మాత్రం పేపరు చూసి ఎక్కించినవి. పేపరు మరిచిపోగానే నేనూ కొట్టేశాను. అక్కడ చావులు ఆగాయని కాదు. ఒక్కసారైనా ఎక్కని పేర్లు ఇంకెన్నో.

అలాంటి పేరొకటి ఎల్ మొసోటే. మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడార్ అనే చిన్న దేశంలో, కొండల మధ్య ఒక పల్లె. అప్పుడక్కడ ప్రభుత్వానికీ గెరిల్లాలకీ యుద్ధం. ఆ ఊళ్లో మనలాంటి విశ్వాసులు చాలామంది, ఏ పక్షమూ చేరనివాళ్లు. ఊళ్లోనే ఉంటే ప్రమాదం లేదన్న మాట నమ్మి చుట్టుపక్కలవాళ్లూ అక్కడికే చేరారు. 1981 డిసెంబరు 11న సైన్యం మగవాళ్లను, ఆడవాళ్లను, పిల్లలను విడదీసి చంపింది. పక్క పల్లెలతో కలిపి దాదాపు వెయ్యిమంది.

రుఫీనా అమాయా అనే తల్లి వరుసలో చివర ఉంది. మోకాళ్లూని దేవుణ్ణి వేడుకుంటూ, సైనికులు చూడని క్షణంలో చెట్టు చాటుకు జరిగింది. అక్కడికి ఆమె పిల్లల కేకలు వినబడ్డాయి. తన ఏడుపు ఎవరికీ వినబడకూడదని మట్టిలో గొయ్యి చేసి అందులో ముఖం పెట్టుకుంది. భర్త, నలుగురు పిల్లలు పోయారు. చిన్నదానికి ఎనిమిది నెలలు.

వార్త రాలేదా అంటే, వచ్చింది. 1982 జనవరి 27న న్యూయార్క్ టైమ్స్, వాషింగ్టన్ పోస్ట్ రెండూ మొదటి పేజీలో వేశాయి. రాసినవాళ్లు అక్కడికి వెళ్లి, చూసి, రుఫీనాతో మాట్లాడి వచ్చారు. మర్నాడే అధ్యక్షుడు రీగన్, ఆ దేశంలో మానవ హక్కులు మెరుగవుతున్నాయని ధ్రువీకరించాడు. ఆ కాగితం లేకపోతే అమెరికా సైనిక సాయం ఆగిపోతుంది. చంపిన దళానికి శిక్షణ ఇచ్చింది కూడా అమెరికాయే. రాయబార కార్యాలయం మనుషులు ఊరిని హెలికాప్టర్‌లోంచి చూశారు. శరణార్థుల శిబిరంలో, సైనికులు పక్కనుండగా కొందరిని అడిగారు. ఊళ్లో అడుగు పెట్టలేదు. ఊచకోతను నిర్ధారించే ఆధారం దొరకలేదని ప్రభుత్వం చెప్పేసింది. పదేళ్లపాటు అదే మాట నిలిచింది.

దూరం వల్ల ఇలాంటివి తెలియవనుకుంటాం. ఇక్కడ తెలిస్తే చిక్కు, అందుకే తెలియలేదు. 1992లో అర్జెంటీనా నిపుణులు గుడి పక్క చిన్న కట్టడాన్ని తవ్వితే 143 మంది ఎముకలు దొరికాయి. వాళ్లలో 131 మంది పన్నెండేళ్ల లోపు పిల్లలు.

రెండవ సమూయేలు 21లో రిస్పా గోనెపట్ట పరచుకుని, కోతకాలం మొదలు వానలు పడేదాకా శవాలకు కావలి కాసింది. ఆ సంగతి దావీదు చెవిన పడ్డాకే ఎముకలు సమాధికి చేరాయి. ఇన్నేళ్లూ ఆమెను తల్లిప్రేమకు ఉదాహరణగానే బోధించాను. ఆమె సాక్షి అని నాకు తట్టలేదు. రుఫీనా 2007లో చనిపోయింది. అక్కడి అధ్యక్షుడు ఆ ఊరికి వచ్చి క్షమాపణ అడిగింది 2012లో.

నా సంగతీ చెప్పాలి. కొన్నేళ్ల కిందట మా సంఘంలో ఒక సహోదరి వచ్చి, తన కూతుర్ని అత్తింట్లో కొడుతున్నారని ఏడ్చింది. అత్తింటివాళ్లు మన మందిరానికి రేకులు వేయించినవాళ్లు. నేను వెళ్లాను. వాళ్ల వరండాలోనే కూర్చుని, వాళ్లిచ్చిన టీ తాగుతూ, మామ ఎదుటే ఆ పిల్లను "ఏమైనా ఇబ్బందా అమ్మా?" అని అడిగాను. లేదంది. "ఏమీ లేదటమ్మా" అని తల్లికి చెప్పాను. ఊచకోతతో దీన్ని పోల్చడం లేదు. నేను అడిగిన తీరు గురించే చెబుతున్నాను. మరుసటి ఏడాది ఆ పిల్ల పుట్టింటికి వచ్చేసింది. ఎడమ చెవి వినబడదు.

వాన తెరిపిచ్చాక ఆ తల్లి ఇంటికి వెళ్లాను. కుర్చీ వేసింది. "అప్పుడు నువ్వు చెప్పింది మళ్లీ చెప్పమ్మా, వింటాను" అన్నాను. చేటలో బియ్యం ఏరుతూ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చేట పక్కన పెట్టి, కూతుర్ని లోపలినుంచి పిలిచింది.